కోడ్ రివ్యూ పాఠాలు – 4: టూల్స్‌ని ఏ వరసలో కలపాలి?

గత మూడు పాఠాల్లో మనుషుల పని చూశాం. మార్పును చిన్న ముక్కలుగా ఎలా విడగొట్టాలి, పుల్ రిక్వెస్ట్‌కి (నా బ్రాంచ్‌ని చూసి మెర్జ్ చేయండి అన్న అభ్యర్థనకి) వివరణ ఎలా రాయాలి, అవతలివాళ్లు నొచ్చుకోకుండా కామెంట్ ఎలా పెట్టాలి అన్నవి నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ పనికి టూల్స్‌ని తోడు చేద్దాం. గిట్‌లో బ్రాంచ్, కమిట్, మెర్జ్ తెలిస్తే చాలు, ఈ పాఠం అర్థమవుతుంది. ఉదాహరణలు ఎక్కువగా గిట్‌హబ్ మాటల్లో ఉంటాయి. గిట్‌ల్యాబ్ వాడేవాళ్లు పుల్ రిక్వెస్ట్ అన్నచోట మెర్జ్ రిక్వెస్ట్ అని చదువుకోండి.

ఏ టూల్ మంచిదన్న చర్చకి టీమ్‌లు చాలా సమయం పెడతాయి. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది వరస. లింటర్ (కోడ్‌లో తప్పు పనుల్ని పట్టుకునే టూల్), సెక్యూరిటీ స్కానర్, కవరేజ్ లెక్క (టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని తాకాయో చెప్పేది), ఇద్దరి అప్రూవల్ తప్పనిసరి అన్న నియమం, ఇవన్నీ ఒకే రోజు పెట్టేశారనుకోండి. మర్నాడు ఎవరో ఒక ఫైల్లో రెండు లైన్లు మారుస్తారు. ఆ ఫైల్లో ఏళ్ల తరబడి పేరుకున్న హెచ్చరికలన్నీ వాళ్ల మెడకి చుట్టుకుంటాయి. ఆ వారమే ప్రొడక్షన్‌లో ఏదో ఆగిపోతుంది. అర్జెంట్ ఫిక్స్ చెక్‌ల దగ్గర ఇరుక్కుంటుంది. అడ్మిన్ హక్కులున్నవాళ్లు నియమాలు పక్కన పెట్టి మెర్జ్ చేసేస్తారు. కావాలంటే దాటేయొచ్చని ఆ ఒక్క మెర్జ్‌తో అందరికీ తెలిసిపోతుంది. ఆపైన టూల్స్ ఉన్నా లేనట్టే.

కాబట్టి ఈ పాఠంలో పట్టుకోవాల్సింది ఇది: యంత్రం చెప్పగలిగినవి ముందు యంత్రంతోనే చెప్పించాలి, తరవాత మనుషుల్ని పిలవాలి, "తప్పనిసరి" అన్న నియమం అన్నిటికంటే చివర్లో పెట్టాలి.

కొంచెం చరిత్ర

కోడ్ తనిఖీని ఒక పద్ధతిగా రాసిపెట్టిన తొలివాళ్లలో ఐబీఎమ్‌లో పనిచేసిన మైఖేల్ ఫేగన్ ఒకరు. ఆయన వ్యాసం 1976లో వచ్చింది. అప్పట్లో రివ్యూ అంటే మీటింగ్. ఎవరి పాత్ర ఏమిటో ముందే ఖరారు చేసుకుని, కోడ్ ముందుగా చదువుకుని వచ్చి కూర్చునేవాళ్లు. పని గట్టిగా జరిగేది కానీ చాలా సమయం పట్టేది. 2006లో గూగుల్‌లో గైడో వాన్ రోసమ్, అంటే పైథాన్ సృష్టికర్త, మాండ్రియన్ అనే వెబ్ టూల్ తయారుచేశారు. ఆ ఆలోచనతోనే 2008లో రీట్‌వెల్డ్ అనే ఓపెన్ సోర్స్ టూల్ వచ్చింది. ఆండ్రాయిడ్ ప్రాజెక్ట్ కోసం పుట్టిన గెరిట్ అనే రివ్యూ టూల్‌కి మూలం అదే. గిట్‌హబ్ పుల్ రిక్వెస్ట్ మొదలైంది కూడా 2008లోనే.

గెరిట్, గిట్‌హబ్ అనే ఈ రెండు దారుల మధ్య తేడా మీ రోజువారీ పనిని మారుస్తుంది. గెరిట్‌లో రివ్యూకి వెళ్లేది ఒక్క కమిట్. కామెంట్ వస్తే అదే కమిట్‌ని సవరించి మళ్లీ పంపాలి. కమిట్ సందేశంలో ఉండే చేంజ్ ఐడీ వల్ల అది పాత మార్పుకి కొత్త రూపమని టూల్ గుర్తుపడుతుంది. గిట్‌హబ్‌లో రివ్యూకి వెళ్లేది మొత్తం బ్రాంచ్. కామెంట్ వస్తే పైన ఇంకో కమిట్ చేర్చి, చివర్లో అన్నిటినీ స్క్వాష్ చేయడం (ఒకే కమిట్‌గా కలిపేయడం) చాలా టీమ్‌లకి అలవాటు. గిట్‌హబ్‌లో రివ్యూ మధ్యలో ఫోర్స్ పుష్ చేయకండి, అంటే పాత కమిట్‌లని చెరిపి వాటి చోట కొత్తవి పంపకండి. "నేను చూశాక ఏం మారింది" అని రివ్యూ చేసేవాళ్లు వెతుక్కోలేక మొత్తం మళ్లీ చదవాల్సి వస్తుంది.

మొదట ఫార్మాటర్

ఖాళీలు, కోట్ గుర్తులు, లైన్ పొడవు లాంటివాటి మీద మనిషి ఇంకో మనిషికి కామెంట్ రాయకూడదు. ఆ పని కోడ్ రూపాన్ని తనంతట తానే సర్దే ఫార్మాటర్‌ది. గో భాషకి గోఎఫ్ఎమ్‌టీ, పైథాన్‌కి బ్లాక్, జావాస్క్రిప్ట్‌కి ప్రెటియర్ ఉన్నాయి. వాటి డిఫాల్ట్ సెట్టింగ్‌లు మీకు నచ్చకపోయినా అలాగే తీసుకోండి. ఏ శైలి అందంగా ఉందన్న వాదన మొదలైతే వారాలు గడుస్తాయి, కోడ్ మాత్రం ఏమీ బాగుపడదు.

పాత ప్రాజెక్ట్ అయితే రిపో మొత్తాన్ని ఒకేసారి ఫార్మాట్ చేసి విడిగా ఒక కమిట్ చేయండి. అందులో ఇంకే మార్పూ ఉండకూడదు. ఇక్కడ చాలామందికి ఒక భయం ఉంటుంది: ఇకమీద గిట్ బ్లేమ్ (ఏ లైను చివరిసారి ఎవరు మార్చారో చెప్పే ఆదేశం) చూస్తే ప్రతి లైనూ ఆ ఫార్మాట్ చేసిన మనిషి పేరే చూపిస్తుందని. 2019లో వచ్చిన గిట్ 2.23 దీనికి దారి చూపింది. బ్లేమ్ పట్టించుకోకూడని కమిట్‌ల హ్యాష్‌లని (ప్రతి కమిట్‌కీ ఉండే గుర్తింపు కోడ్‌లని) ఒక ఫైల్లో రాసి, ఆ ఫైల్ పేరు గిట్ కాన్ఫిగ్‌లో చెబితే సరిపోతుంది. బ్లేమ్ ఆ కమిట్‌ని దాటి అసలు రాసినవాళ్ల పేరు చూపిస్తుంది.

ఈ కమిట్ చేసేముందు తెరిచి ఉన్న పుల్ రిక్వెస్ట్‌లు వీలైనన్ని మెర్జ్ అయ్యేలా చూడండి. లేకపోతే మిగిలిన ప్రతి బ్రాంచ్‌లోనూ కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తాయి. రెండు రోజుల ముందు టీమ్‌కి చెబితే ఈ టెన్షన్ ఉండదు.

ఫార్మాటర్‌ని ప్రీ-కమిట్ హుక్‌గా (కమిట్‌కి ముందు మీ కంప్యూటర్‌లోనే నడిచే స్క్రిప్ట్‌గా) పెడితే కమిట్ చేసేటప్పుడే కోడ్ సర్దుకుంటుంది. అయితే హుక్‌ని నమ్ముకోకూడదు. రిపో క్లోన్ చేస్తే హుక్‌లు వాటంతటవే రావు, ఎవరికి వాళ్లు ఇన్‌స్టాల్ చేసుకోవాలి. పైగా నో-వెరిఫై ఆప్షన్‌తో ఎవరైనా దాటేయగలరు. కాబట్టి అదే తనిఖీ సీఐలో (కోడ్ పంపిన ప్రతిసారీ సర్వర్‌లో బిల్డ్, టెస్టులు నడిపే ఏర్పాటులో) కూడా నడవాలి. హుక్ ఉన్నది రాసేవాళ్ల సౌకర్యానికి, టీమ్‌కి భరోసా ఇచ్చేది సీఐ. హుక్‌లో టెస్టులు పెట్టకండి. కమిట్‌కి అర నిమిషం పడితే జనం నో-వెరిఫై అలవాటు చేసుకుంటారు.

తరవాత లింటర్, పాత అప్పు సంగతి

ఫార్మాటర్ కోడ్ రూపాన్ని సరిచేస్తుంది. లింటర్ తప్పు పనుల్ని పట్టుకుంటుంది: వాడని వేరియబుల్, పట్టించుకోకుండా వదిలేసిన ఎర్రర్, ఎప్పటికీ నిజమవని షరతు. ఇక్కడ అసలు సమస్య పాత కోడ్. లింటర్ పెట్టిన రోజే వందల హెచ్చరికలు వస్తే వాటన్నిటినీ సరిచేసే ఓపిక ఎవరికీ ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కొత్తగా మారిన లైన్లనే తనిఖీ చేయించండి. రివ్యూడాగ్ అనే టూల్ ఏ లింటర్ ఫలితాన్నైనా తీసుకుని, పుల్ రిక్వెస్ట్‌లో మారిన లైన్ల మీదే కామెంట్‌గా పెట్టగలదు. కోడ్ నాణ్యతని కొలిచే సోనార్‌క్యూబ్‌లో కూడా కొత్త కోడ్‌కి విడిగా ప్రమాణం పెట్టుకోవచ్చు. పాత కోడ్‌ని ఎవరైనా ముట్టుకున్నప్పుడు కొంచెం కొంచెంగా అదే బాగుపడుతుంది.

ఇంకో సలహా, దీని మీద నాకు గట్టి నమ్మకం. లింటర్‌లో "హెచ్చరిక" అనే మధ్య స్థాయిని వాడకండి. ఒక నియమం ముఖ్యమనుకుంటే దాన్ని ఎర్రర్ చేయండి. ముఖ్యం కాదంటే ఆపేయండి. పసుపు రంగులో రోజూ కనిపించే హెచ్చరికల్ని కళ్లు చూడటం మానేస్తాయి, వాటి మధ్య నిజంగా ప్రమాదకరమైనది వచ్చినా కనిపించదు.

కృత్రిమ మేధతో నడిచే రివ్యూ బాట్‌లనీ లింటర్ పక్కనే ఉంచాలి. అవి పనికొచ్చే ప్రశ్నలు వేస్తాయి, వాటిని చదవండి. కానీ బాట్ మాటని మనిషి అప్రూవల్ కింద లెక్కపెట్టకండి.

సీఐ: నమ్మకం ముందు, నియమం తరవాత

బిల్డ్, టెస్టులు ప్రతి పుల్ రిక్వెస్ట్ మీదా నడవాలన్నది ఇప్పుడు అందరికీ తెలిసిందే. తక్కువగా మాట్లాడుకునేవి రెండున్నాయి. ఒకటి వేగం. ఫలితం పది నిమిషాల్లో వస్తే రాసినవాళ్లు ఇంకా ఆ పని మీదే ఉంటారు. గంట పడితే ఇంకో పనిలో పడి ఉంటారు, తిరిగి ఇందులోకి రావడానికే సమయం పడుతుంది. వేగంగా అయ్యే తనిఖీలు పుల్ రిక్వెస్ట్ మీద, బరువైనవి మెర్జ్ అయ్యాక లేదా రాత్రిపూట నడపండి.

రెండోది ఫ్లేకీ టెస్టులు. కోడ్ మారకుండానే ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టు "నాన్నా పులి" కథలోని పిల్లవాడి లాంటిది. నాలుగుసార్లు ఉత్తుత్తిగా ఎర్రగా అయితే, అయిదోసారి నిజంగా బగ్ వచ్చినా "రీరన్ కొట్టు" అంటారు. అలాంటి టెస్టుని తప్పనిసరి జాబితా నుంచి వెంటనే తీసి వేరే జాబ్‌లో పెట్టండి. దాన్ని సరిచేయాల్సిన మనిషి పేరు, గడువు రాసిపెట్టండి. పేరు రాయకపోతే అది అక్కడే ఉండిపోతుంది.

చెక్‌లు పచ్చగా అయ్యేదాకా మనుషుల్ని పిలవక్కర్లేదు. గిట్‌హబ్‌లో 2019 నుంచి డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్ ఉంది. ముందు డ్రాఫ్ట్‌గా పెట్టండి, యంత్రం చెప్పినవి సరిచేయండి, మీ డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపించే పేజీ) మీరే ఒకసారి చదవండి, అప్పుడు "రెడీ ఫర్ రివ్యూ" నొక్కండి. ఈ ఒక్క అలవాటుతో రివ్యూ చేసేవాళ్లకి ఎంత సమయం మిగులుతుందో మీరే చూస్తారు.

ఇప్పుడు మనుషులు

మైక్రోసాఫ్ట్ టీమ్‌ల మీద 2013లో వచ్చిన ఒక పరిశోధన ఆసక్తిగా ఉంటుంది. రివ్యూ ఎందుకు చేస్తారంటే బగ్‌లు పట్టుకోవడానికని ఎక్కువమంది చెప్పారు. తీరా కామెంట్‌లు చూస్తే బగ్‌ల కంటే కోడ్‌ని మెరుగుపరిచే సూచనలు, ఒకరి పని ఇంకొకరికి అర్థం కావడం లాంటివే ఎక్కువ. మనిషి సమయాన్ని ఖాళీల మీద ఖర్చు చేయించకూడదని అంతగా చెప్పింది అందుకే.

ఎవరు రివ్యూ చేయాలన్నది కోడ్‌ఓనర్స్ ఫైల్‌తో తేల్చవచ్చు. ఏ ఫోల్డర్‌కి ఎవరు బాధ్యులో అందులో రాస్తే, ఆ ఫోల్డర్ మారినప్పుడు వాళ్లకి రివ్యూ రిక్వెస్ట్ తనంతట తానే వెళ్తుంది. ఒక చిక్కు గుర్తుంచుకోండి: ఒక ఫైల్‌కి రెండు లైన్లు సరిపోతే గిట్‌హబ్ చివరి లైనునే లెక్కలోకి తీసుకుంటుంది. అన్నిటికీ వర్తించే నక్షత్రం గుర్తు లైను పైన, ప్రత్యేకమైన ఫోల్డర్లు కింద ఉండాలి. తిరగేసి రాస్తే పేమెంట్స్ కోడ్ మార్పు పేమెంట్స్ టీమ్‌కి వెళ్లదు, ఎర్రర్ కూడా రాదు.

ఒక్క మనిషి పేరు కాకుండా టీమ్ పేరు రాయండి. ఆ మనిషి సెలవులో ఉన్న వారం పని ఆగిపోకూడదు కదా. అలాగని ప్రతి ఫోల్డర్‌కీ ఓనర్ అక్కర్లేదు. లాగిన్, చెల్లింపులు, డేటాబేస్ మైగ్రేషన్లు (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్‌లు), సీఐ కాన్ఫిగ్, ఇంకా ఆ కోడ్‌ఓనర్స్ ఫైల్, వీటితో మొదలుపెట్టండి. చివరిది మర్చిపోతే ఎవరైనా తమకి అడ్డంగా ఉన్న లైను తీసేసి ముందుకెళ్లిపోగలరు.

టీమ్ మొత్తానికి నోటిఫికేషన్ వెళ్తే ఎవరో చూస్తారులే అని అందరూ అనుకుంటారు. గిట్‌హబ్ టీమ్ సెట్టింగ్స్‌లో వంతులవారీగా ఒకరికే అప్పగించే ఏర్పాటు ఉంది, దాన్ని వాడండి. జవాబు ఎంతలో రావాలన్నది కూడా టీమ్‌గా ఒప్పుకోండి. గూగుల్ బయటపెట్టిన మార్గదర్శకాల్లో గరిష్ఠ గడువు ఒక పనిదినం. అక్కడి ఇంజినీరింగ్ మీద 2018లో వచ్చిన పరిశోధనలో మధ్యస్థంగా ఒక మార్పు పరిమాణం 24 లైన్లు, రివ్యూ మొత్తం ముగియడానికి పట్టిన సమయం 4 గంటల లోపు. ఈ రెండు అంకెల్నీ కలిపి చూడండి. అంత చిన్న మార్పుల వల్లే అంత వేగం. సిస్కోలో జరిగిన అధ్యయనం ఆధారంగా 2006లో చెప్పిన హద్దు కూడా ఒక విడతకి 200 నుంచి 400 లైన్లు. డేంజర్ అనే టూల్‌తో పెద్ద పుల్ రిక్వెస్ట్‌లకి ఒక కామెంట్ పడేలా చేయవచ్చు. మెర్జ్‌ని మాత్రం ఆపకండి, పేరు మార్పులు, ఆటోమేటిక్‌గా తయారైన ఫైళ్లు న్యాయంగానే పెద్దవిగా ఉంటాయి.

చివర్లో తప్పనిసరి

పైవన్నీ రెండు మూడు వారాలు సాఫీగా నడిచాక బ్రాంచ్ ప్రొటెక్షన్ పెట్టండి. మెయిన్ బ్రాంచ్‌కి సూటిగా పుష్ ఉండదు, చెక్‌లు పాసవ్వాలి, ఒక అప్రూవల్ కావాలి. రెండు అప్రూవల్‌లు సున్నితమైన ఫోల్డర్లకే అడగండి. అన్నిటికీ ఇద్దరు కావాలంటే రెండో మనిషి మొదటివాళ్లని నమ్మి చదవకుండానే ఓకే కొడతారు. అప్రూవల్ తరవాత కొత్త కమిట్ వస్తే పాత అప్రూవల్ రద్దయ్యే సెట్టింగ్ ఆన్ చేయండి. అడ్మిన్‌లకీ ఇవే నియమాలు వర్తించాలి.

అర్జెంట్ దారిని ముందే రాసిపెట్టుకోండి: నియమం ఎవరు దాటవచ్చు, ఎక్కడ చెప్పాలి, మర్నాటి లోపు ఎవరు చదవాలి. రాసిపెట్టిన దారి ఉంటే దొంగదారి అక్కర్లేదు.

తప్పనిసరి చెక్‌లలో ఒక గుంట ఉంది. గిట్‌హబ్ సొంత సీఐ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో, కొన్ని ఫోల్డర్లు మారినప్పుడే నడవాలని వర్క్‌ఫ్లోకి పాత్ ఫిల్టర్ పెట్టి, అదే చెక్‌ని తప్పనిసరి చేస్తే, డాక్యుమెంట్ ఒక్కటే మార్చిన పుల్ రిక్వెస్ట్ ఎప్పటికీ "పెండింగ్"లోనే ఉండిపోతుంది. వర్క్‌ఫ్లోని ఎప్పుడూ నడవనిచ్చి, లోపలి జాబ్‌కి షరతు పెట్టండి. దాటేసిన జాబ్‌ని గిట్‌హబ్ పాసైనట్టే లెక్కిస్తుంది.

పెద్ద టీమ్ అయితే మెర్జ్ క్యూ (మెర్జ్ కావాల్సినవాటిని వరసలో పెట్టే ఏర్పాటు) గురించి ఆలోచించండి. ఒకరు ఫంక్షన్ పేరు మార్చారు, అదే సమయంలో ఇంకొకరు కొత్త ఫైల్లో పాత పేరుతో దాన్ని పిలిచారు. విడివిడిగా రెండూ పచ్చగానే ఉంటాయి, గిట్‌కి కాన్‌ఫ్లిక్ట్ కనిపించదు, రెండూ మెర్జ్ అయ్యాక బిల్డ్ పోతుంది. క్యూ రెండింటినీ కలిపి పరీక్షించాకే లోపలికి పంపుతుంది. రోజుకి నాలుగైదు మెర్జ్‌లు ఉన్న టీమ్‌కి ఇది అక్కర్లేదు.

ఇంత చేసినా పచ్చ టిక్కు హామీ పత్రం కాదు. ఇంటర్నెట్ సంభాషణల్ని రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపానికి కారణమైన కోడ్‌ని 2011 చివర్లో రివ్యూ చేసే లోపలికి తీసుకున్నారు. ఆ లోపం లోకానికి తెలిసింది 2014 ఏప్రిల్‌లో. బయటినుంచి వచ్చిన పొడవు విలువని సరిచూడకపోవడం ఆ లోపం. బయటి డేటా తాకే ప్రతి లైను దగ్గరా ఆగి, "ఇది అబద్ధం చెబితే?" అని అడగడం ఇప్పటికీ మనిషి చేయాల్సిన పనే.

ఈ వారం అభ్యాసం

మీ టీమ్‌లో ఈమధ్య మెర్జ్ అయిన 20 పుల్ రిక్వెస్ట్‌లు తెరిచి, ప్రతి కామెంట్‌నీ మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేయండి: యంత్రం చెప్పగలిగేది, డిజైన్ లేదా లాజిక్ గురించినది, అర్థం కాక అడిగిన ప్రశ్న. మొదటి కుప్పలో పదే పదే వచ్చినవాటిని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయండి. ఈ వారం ఫార్మాటర్ ఒక్కటే పెట్టండి, బ్రాంచ్ ప్రొటెక్షన్ జోలికి వెళ్లకండి. ఆ జాబితా మాత్రం దగ్గర ఉంచుకోండి. అయిదో పాఠంలో దాని ఆధారంగానే లింటర్ నియమాలు ఎంచుకుని, టూల్‌లో దొరకని నియమాన్ని సొంతంగా రాయడం నేర్చుకుందాం.