టీవీ మన ఇంట్లో ఏం మారుస్తోందో వారం రోజుల్లో కనిపెట్టడం ఎలా?

దూరదర్శన్‌లో రామాయణం వచ్చిన 1987-88లో ఆదివారం పొద్దున వీధులు ఖాళీ అయ్యేవని పెద్దవాళ్లు చెబుతుంటారు. ఊరంతా ఒకేసారి చేసింది కాబట్టి అది అందరి కళ్లా పడింది. ఇప్పుడు ఏ ఇంటి ఛానల్ ఆ ఇంటిది. మార్పు కనిపించాలంటే రాసి పెట్టుకోవాల్సిందే. పాత నోట్‌బుక్ ఒకటి తీయండి. ఇంట్లో ఎవరికీ చెప్పకండి, చెబితే జాగ్రత్తపడిపోతారు.

ముందు టైము రాయండి. అన్నం ఎన్నింటికి తిన్నారు, అప్పుడు టీవీలో ఏం వస్తోంది? ఫోన్లు కూడా రాయండి. మా అమ్మకు సీరియల్ టైములో ఫోన్ చేస్తే "ఊఁ", "ఆఁ" తప్ప మాట రాదు. బ్రేక్ పడగానే "పిల్లలు తిన్నారా, ఇంకేంటి సంగతులు?" అని మొదలుపెడుతుంది. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ప్రకటనలు, ఛానల్ సొంత ప్రచారం కలిపి గంటకు 12 నిమిషాలు మించకూడదు. మా తల్లీకూతుళ్ల కబుర్లకు ఆ 12 నిమిషాలే రాసిపెట్టి ఉన్నాయన్నమాట!

తర్వాత మాటలు. టీవీలోంచి ఊడిపడ్డ మాట వినపడగానే రాసేయండి. మా చిన్నాడు అన్నం మధ్యలో లేచి "చిన్న విరామం తర్వాత తింటా" అన్నాడు. అది సరదా. న్యూస్ డిబేట్ చూసిన రోజు మాత్రం, ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండానే ఎన్నిసార్లు అడ్డుపడ్డారో లెక్కపెట్టండి. మీవి కూడా కలపాలి సుమా.

ఇక కిరాణా చీటీ. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మేం "సర్ఫ్ అర కేజీ" అని రాస్తాం. కొట్లో ఆయన "ఏ సర్ఫండీ?" అని అడుగుతాడు. మేం చెప్పేది ఇంకో కంపెనీ పేరు. సర్ఫ్ అనేది 1959లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఒక పౌడర్ పేరు. చివరికి బట్టల పౌడరంతా సర్ఫే అయిపోయింది. డాల్డా, జిరాక్స్ కథా అంతే. మీ చీటీలో కంపెనీ పేరుతో రాసిన ప్రతిదానికీ సున్నా చుట్టి, పక్కన "వాడి చూశాం" అనో "ఎక్కడో చూశాం" అనో రాయండి. రెండోదే ఎక్కువుంటే కంగారు పడకండి, మా ఇంట్లోనూ అంతే.

చివరి రోజు చిన్న ప్రయోగం. టీవీ కట్టేయొద్దు. నేను ఆ పొరపాటు చేస్తే ఇంట్లో గొడవైంది, నోట్‌బుక్ అటకెక్కింది. సీరియల్‌కి అరగంట ముందే అన్నం వడ్డించండి, చాలు. రెండోసారి నేను అలాగే చేశాను. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా మావయ్యగారు కంచంలోకి చూసి, "పులుసులో ఇవాళ మెంతులు వేశావామ్మా?" అన్నారు.

"రోజూ వేస్తున్నాను మావయ్యగారూ" అన్నాను.