జూలై, ఆగస్టుల్లో క్యోటో వెళ్తున్నారా? ముందే తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

జపాన్ వేసవిలో క్యోటోకు టికెట్లు తీసుకున్న మనవాళ్లు ముందుగా వదిలిపెట్టాల్సింది ఒక ధైర్యాన్ని. "బెజవాడ ఎండలు చూసినవాళ్లం, 37 డిగ్రీలు మాకొక లెక్కా?" అనుకుంటారు. లెక్కే.

క్యోటో మూడు పక్కలా కొండలున్న గిన్నెలాంటి పల్లంలో ఉంది. గాలి ఆడదు. చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి, రామగుండంలో మే నెల పొడి ఎండకంటే తక్కువ డిగ్రీల్లోనే ఇక్కడ మనిషి పడిపోవచ్చు. విశాఖ ఉక్కపోత తెలిసినవాళ్లకు ఇది కొంత ఊహకు అందుతుంది, కానీ విశాఖలో సముద్రపు గాలైనా ఉంటుంది. 2018 జూలైలో క్యోటోలో 39.8 డిగ్రీలు నమోదైంది. రాత్రిళ్లు కూడా 25 కంటే కిందికి దిగని రోజులు వరసగా వస్తాయి, అంటే ఒంటికి తేరుకునే సమయం దొరకదు. ఇంకో సంగతి: మన ఊళ్లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరం ఎండలోకి పోము. యాత్రలో మాత్రం సరిగ్గా అదే వేళకు ఏదో గుడి మెట్ల మీద ఉంటాం. వడదెబ్బ తగిలేది అక్కడే.

అందుకని రోజును రెండు ముక్కలు చేసుకోండి. ఉదయం 5 నుంచి 10 వరకు ఒకటి, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఇంకొకటి. జూలైలో 5 గంటలకే బాగా తెల్లవారుతుంది. ఫుషిమి ఇనారి మందిరం రాత్రింబగళ్లు తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ నారా లైన్‌లో 5 నిమిషాల ప్రయాణం. అయితే ఇనారిలో లోకల్ రైలే ఆగుతుంది. తొందరలో మియాకోజి ర్యాపిడ్ అనే వేగపు రైలు ఎక్కితే స్టేషన్ దాటిపోతారు. కొండ ఎత్తు 233 మీటర్లు, ఎర్ర తోరణాల కింద పైదాకా వెళ్లి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. సగం దారిలో యోత్సుత్సుజి అనే కూడలి వస్తుంది. ఊరంతా కనిపించేది అక్కడినుంచే, శిఖరం మీద చెట్లు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. వేసవిలో ఆ కూడలి నుంచే వెనక్కి దిగడం తెలివైన పని. నీళ్లు కిందే నింపుకోండి, పైకి పోయేకొద్దీ మెషీన్లలో సీసా ధర పెరుగుతుంది. చీకటి పడ్డాక ఈ దారిలో అడవి పందులు తిరుగుతాయి, కాబట్టి చల్లబడ్డాక వెళ్దాంలే అని రాత్రికి వాయిదా వేయకండి.

కియోమిజు-దెరా గుడిని ఉదయం 6 గంటలకే తెరుస్తారు, ప్రవేశం 500 యెన్లు. 9 దాటితే ఆ ఏటవాలు వీధుల్లో జనం తోసుకుంటూ ఎక్కాల్సి వస్తుంది. దిగేటప్పుడు సన్నెన్‌జాకా రాతి మెట్ల దగ్గర మెల్లగా నడవండి, వాన పడితే నున్నగా జారతాయి. ఇక్కడ పడ్డవాళ్లు మూడేళ్లలో పోతారని ఊళ్లో ఒక పాత మాట కూడా ఉంది. చెప్పుల విషయంలో ఒక సూచన: చాలా గుడుల్లో లోపలికి చెప్పులు విప్పాలి, కాబట్టి సులువుగా విప్పి వేసుకునే బూట్లూ, సంచిలో ఒక జత సాక్సూ ఉంచుకోండి. వీపున బ్యాగు ఉంటే ముందుకు తిప్పుకోండి, కాగితపు తలుపులకు తగిలి చిరుగుతాయి.

పదిన్నర నుంచి నాలుగు దాకా గది, లేదా మ్యూజియం (క్యోటో నేషనల్ మ్యూజియానికి సోమవారం సెలవు), లేదా పైకప్పున్న నిషికి మార్కెట్. మార్కెట్లో కొన్నది ఆ కొట్టు దగ్గరే నిలబడి తినాలి, నడుస్తూ తినకూడదు.

నీళ్ల సంగతి వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పొరపాటు చేసేది ఇందులోనే. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి 20 నిమిషాలకూ ఒక చిన్న గ్లాసెడు తాగాలి. కుళాయి నీళ్లు నిర్భయంగా తాగవచ్చు. కానీ గంటల తరబడి చెమటోడ్చి వట్టి నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది. ఇంటి నుంచి ఓఆర్‌ఎస్ పొట్లాలు తీసుకెళ్లండి. 21 గ్రాముల పొట్లాన్ని సరిగ్గా లీటరు నీటిలోనే కలపాలి. అక్కడ మెషీన్లలో దొరికే సీసా ఎక్కువగా అర లీటరుది, పొట్లం మొత్తం అందులో పోస్తే చిక్కబడి మేలుకు బదులు కీడు చేస్తుంది. పొట్లాలు అయిపోతే మందుల షాపులో ఓఎస్-వన్ అని అడగండి, అది అచ్చంగా ఓఆర్‌ఎస్ పానీయమే. మెషీన్లలో దొరికే పొకారి స్వెట్ అనే పానీయంలో చక్కెర ఎక్కువ, మధుమేహం ఉన్నవాళ్లు గమనించాలి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల మందులు వాడే అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే, ఉప్పు ఎంతవరకు తీసుకోవచ్చో బయల్దేరే ముందే డాక్టరును అడగండి.

ఫోన్‌లో సేఫ్టీ టిప్స్ యాప్ వేసుకోండి. వడదెబ్బ, భూకంపం, తుఫాను హెచ్చరికలు ఇంగ్లీషులో వస్తాయి. వేడి, తేమ కలిపి లెక్కగట్టే సూచీ 33కు చేరవచ్చన్న రోజున "నెచ్చూషో" హెచ్చరిక ఇస్తారు. నెచ్చూషో అంటే వడదెబ్బే. ఆ రోజు పిల్లలతో, పెద్దవాళ్లతో మధ్యాహ్నం బయటికి వెళ్లకండి.

తోడున్నవాళ్లకు తలనొప్పి, వికారం, తూలు కనిపిస్తే ఇంకొక్క గుడే కదా అని నడిపించకండి. నీడకు, వీలైతే ఏసీ ఉన్న కొట్లోకి తీసుకెళ్లి మెడకు రెండు పక్కలా, చంకల్లో, గజ్జల్లో చల్లటి సీసాలు పెట్టండి. సీసా చేతికిచ్చి చూడండి: తనంతట తాను పట్టుకుని తాగలేకపోతే, లేదా మాట తడబడితే, నోట్లో నీళ్లు పోయవద్దు. వెంటనే 119కి ఫోన్ చేసి "క్యూక్యూ" అనండి, అంబులెన్స్ అని అర్థమవుతుంది. పర్యాటకుల కోసం జపాన్ పర్యాటక సంస్థ నడిపే 24 గంటల ఇంగ్లీషు ఫోన్ నంబరు 050-3816-2787. ఆసుపత్రి ఖర్చు ముందే కట్టమనవచ్చు, బీమా లేకుండా వెళ్లకండి.

ఆకలితో తిరిగినా వడదెబ్బ త్వరగా తగులుతుంది, శాకాహారులకు ఇదే పెద్ద చిక్కు. జపాన్‌లో మాంసం లేని వంట అంటే చేప లేనిది అని కాదు. మిసో సూప్, ఉడాన్ పులుసు, కూరగాయల ఉడికింపు, కొన్ని ఊరగాయలు కూడా "దాషి"తో చేస్తారు. దాషి అంటే చాలాచోట్ల ఎండబెట్టిన కత్సువో చేప తురుము మరిగించిన నీళ్లు. "సకానా నో దాషి మో తబేరారెమాసెన్" అని చెప్పండి, చేప దాషి కూడా తినను అని అర్థం. అదే వాక్యాన్ని జపనీస్ లిపిలో ఫోన్‌లో పెట్టుకుని చూపిస్తే ఇంకా మేలు. షాపులో అన్నం ముద్దలు కొనేముందు లేబుల్‌ను ఫోన్ కెమెరాతో అనువదించి చూడండి, భయం లేదనుకున్న ఊరగాయ ముద్దలోనూ చేప సారం ఉండవచ్చు. నిజానికి క్యోటో బౌద్ధ మఠాల శాకాహార వంటకు పేరున్న ఊరు. దాన్ని షోజిన్ ర్యోరి అంటారు, సముద్రపు నాచుతో దాషి చేస్తారు. ఊరికి పడమటన ఉన్న అరషియామాలో తెన్ర్యూ-జి మఠం లోపలే అలాంటి భోజనశాల ఉంది. మధ్యాహ్నం మాత్రమే వడ్డిస్తారు, ముందే సీటు చెప్పి ఉంచుకోవడం మంచిది.

ఇంటి నుంచి పులిహోర పొడి, అటుకులు, ఆవకాయ తీసుకెళ్లవచ్చు. గోంగూర మటన్, చికెన్ పచ్చళ్లు మాత్రం వద్దు. మాంసం ఏ రూపంలో ఉన్నా విమానాశ్రయంలో పట్టుకుంటారు, చట్టంలో మూడేళ్ల జైలు, 30 లక్షల యెన్ల జరిమానా దాకా ఉంది. మామిడి పళ్లు, పచ్చి కరివేపాకు కూడా తనిఖీ పత్రం లేకుండా రానివ్వరు. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించితే నిషేధం, అట్ట మీద చదివి సర్దుకోండి.

జూన్ మొదటి వారాల నుంచి జూలై మూడో వారం దాకా వానకాలం, ఆపైన అక్టోబరు వరకు తుఫానులు. కామో నది మధ్యలో రాళ్ల మీద గెంతుతూ దాటడం పిల్లలకు సరదా. అయితే ఊళ్లో ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో వాన పడితే నీరు చూస్తుండగానే పెరుగుతుంది. ఉత్తరాన నల్లమబ్బు కనిపిస్తే గట్టెక్కేయండి. 2013 సెప్టెంబరు తుఫానుకు అరషియామాలో కత్సురా నది పొంగి ఒడ్డున ఉన్న హోటళ్లలోకి నీళ్లు వచ్చాయి. 2020 జూలైలో ఉత్తరాన కొండల్లోని కురామా వెళ్లే ఎయిజాన్ రైలు పట్టాల మీద కొండచరియ విరిగిపడి, ఏడాదికి పైగా ఆ ముక్కలో రైళ్లు నడవలేదు. పెద్ద వాన మర్నాడు కురామా–కిబునె కొండదారి పెట్టుకోకండి. 2018 సెప్టెంబరులో జెబీ తుఫాను కన్సాయ్ విమానాశ్రయాన్ని ముంచెత్తి వేలమందిని చిక్కుకుపోయేలా చేసింది. అక్కడ తుఫాను రాకముందే, ఒకరోజు ముందుగా ప్రకటించి రైళ్లు ఆపేస్తారు. ఆకాశం తేటగా ఉంది కదా అని ఆ ప్రకటనను తేలిగ్గా తీసుకోవద్దు. తిరుగు విమానానికీ క్యోటోకూ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

జూలై అంతా గియోన్ మత్సురి. 869లో అంటువ్యాధి పోవాలని మొదలైన ఉత్సవం ఇది. 17న 23 రథాలు, 24న 11 రథాలు ఊరేగుతాయి. 15, 16 సాయంత్రాలు షిజో వీధిలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఇరుకు వీధుల్లో ఒకే దిక్కుకు నడవనిస్తారు, వెనక్కి తిరగడం కుదరదు. చిన్నపిల్లల బండి, పెద్ద సూట్‌కేసు, తెరిచిన గొడుగు వద్దు. జనం తక్కువ కావాలంటే 24నాటి ఊరేగింపు చూడండి. ఆ రోజుల్లో బస్సులు దారి మళ్లుతాయి, మెట్రోనే నమ్ముకోండి. మెట్రో, బస్సు కలిపిన ఒకరోజు పాసు 1,100 యెన్లు.

గియోన్ అనే పాతపేటలో హనమికోజి పెద్దవీధి అందరిదీ. పక్క సందులు మాత్రం ప్రైవేటువి, 2024 నుంచి పర్యాటకులను రానివ్వడం లేదు, 10,000 యెన్ల జరిమానా అని బోర్డులుంటాయి. గెయికోలను (క్యోటోలో గెయిషాలను ఇలా అంటారు) ఆపి ఫోటో అడగకండి. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, గదిలో వదిలిరావడం చట్టరీత్యా తప్పు. ఈ-వీసా తీసుకున్నవాళ్లు దాన్ని ఇంటర్నెట్‌లో తెరిచి ఫోన్ మీదే చూపాలి, ప్రింటుగానీ స్క్రీన్‌షాట్‌గానీ చెల్లవు. కాబట్టి విమానం దిగేసరికి డేటా పనిచేసేలా చూసుకోండి.