ఇంజెక్షన్ ఇచ్చినా తల్లి చేప గుడ్లు పెట్టకపోతే

సాయంత్రం గుడ్లు పెట్టించే హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి తెల్లారి చూస్తే ట్యాంకులో ఒక్క గుడ్డు లేదు. వెంటనే "మందు నకిలీది" అంటారు. అదే సీసాతో పక్క జత గుడ్లు పెట్టిందా? పెడితే మందుకు ఏ రోగమూ లేదు.

ముందు తూకం. "మూడు కిలోలుంటది" అని కంటితో లెక్కగట్టి డోసు లాగేవాళ్లే ఎక్కువ. ఓవాప్రిమ్ అనే ఈ హార్మోన్ మందు ఆడ రవ్వకు (రోహు) కిలోకు 0.3-0.4 మి.లీ., ఆడ బొచ్చకు (కట్ల) 0.4-0.5, మగవాటికి 0.1-0.2. మగదాని పొట్ట మెల్లగా నొక్కితే తెల్లటి పాలు (వీర్యం) రావాలి, రాకపోతే దాన్ని మార్చండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పెట్టలేదంటే నాకు అనుమానం ఒక్కదాని మీదే. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చెరువులు నిండేది ఆలస్యంగా, కొన్నేళ్లు ఆగస్టు దాటాకే. నీళ్లు రానిదే సీడ్ (చేప పిల్లలు) ఎవరు కొంటారని తల్లి చేపల్ని అట్లాగే ఆపుకుంటాం, కానీ ఎండాకాలం వేడికే పండిన గుడ్లు మన కోసం ఆగవు, కడుపులోనే కరగడం మొదలవుతుంది, పైకి మాత్రం పొట్ట ఉబ్బుగా, మెత్తగానే ఉంటుంది కాబట్టి చేత్తో తడిమినవాడు మోసపోతాడు. మందు పండిన గుడ్డును బయటికి తెప్పిస్తుంది, చచ్చినదాన్ని బతికించదు. డోసు పెంచితే చేపకే ప్రమాదం, అంతే.

కాబట్టి ఇంజెక్షన్‌కు ముందే సన్న గొట్టంతో నాలుగు గుడ్లు తీసి గాజు పలక మీద వేయండి. అన్నీ ఒకే సైజులో, గుండ్రంగా, దేనికది విడిగా ఉంటే మంచివే. ముద్దగా అతుక్కుని, చిన్నాపెద్దా కలిసి, మరకలుగా ఉంటే ఆ చేపకు ఈ ఏడు అయిపోయినట్టే, చెరువులో వదిలేయండి. ఇంకా అనుమానముంటే ఆల్కహాల్ 6 పాళ్లు, ఫార్మలిన్ 3, గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 1 కలిపి అందులో వేయండి, గుడ్డు తేటబడి లోపల కేంద్రకం చుక్కలా కనపడుతుంది. నడిమధ్యలో ఉంటే ఇంకా పండలేదు, కొన్నాళ్లు ఆగండి. పక్కకు జరిగి ఉంటే అదే రాత్రికి ఇంజెక్షన్ ఇవ్వొచ్చు.

వచ్చే ఏడు మాత్రం చెరువు కోసం చూడకుండా జూన్‌లోనే పెట్టించేయండి. పిల్లల్ని చిన్న గుంటల్లో ఒత్తుగా, తక్కువ మేతతో పెట్టి ఆపుకోవచ్చు, నీళ్లొచ్చాక వదిలితే గబగబా పెరుగుతాయి, తల్లి కడుపులో గుడ్లను అట్లా ఆపలేం.

నీళ్లు చల్లబడటం, సూది తీయగానే మందు కారిపోవడం లాంటి కారణాలూ ఉంటాయి. 26 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటే నీళ్ల గురించి టెన్షన్ అక్కర్లేదు.