పిల్లి ఎక్కడానికి, గోకడానికి గోడకు అరలు బిగించడం ఎలా?

పిల్లి దూకినప్పుడు అర ఒక్కసారి ఊగినా చాలు, మళ్లీ దాని దరిదాపులకు రాకపోవచ్చు. అందుకే చెక్క అందం కంటే గోడలో స్క్రూ పట్టే ముఖ్యం.

1. 18 మి.మీ. ప్లైవుడ్‌ను 60 సెం.మీ. పొడవు, 28 సెం.మీ. వెడల్పున కోయించి, అంచులు గరుకు కాగితంతో రుద్దండి. పైన మందపాటి ఫెల్ట్ (అల్లకుండా పీచును ఒత్తి చేసిన గుడ్డ) అతికించండి. ఉచ్చుల అల్లికున్న కార్పెట్ వద్దు, గోళ్లు చిక్కుకుంటాయి.

2. అరకూ అరకూ మధ్య 35 సెం.మీ. ఎత్తు వదిలి, మెట్లలా పక్కకు జరుపుతూ గుర్తులు పెట్టండి. ముసలి పిల్లికీ, కూనకీ 25 చాలు. సీలింగ్ ఫ్యాన్ రెక్కలు అందే చోట అర పెట్టకండి. రెండు పిల్లులుంటే దిగడానికి రెండో దారి తప్పనిసరి.

3. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా, అడ్డంగా వచ్చే వరసలో వైర్లు ఉండొచ్చు, అక్కడ డ్రిల్ చేయకండి. అరను మోసే L ఆకారపు బ్రాకెట్ల స్క్రూల కోసం ఇటుక గోడలో 8 మి.మీ. బిట్‌తో 80 మి.మీ. లోతు రంధ్రం వేయండి. ఎర్ర పొడి రాలితే ఇటుక తగిలినట్టు. బూడిదరంగు పొడి రాలుతూ బిట్ సులువుగా దూసుకుపోతే అది ఇటుకల మధ్య సందు, అది దాటేలా 4 సెం.మీ. జరగండి. పొడి ఊది తీసేయాలి, లేదంటే ప్లగ్ (స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దించే ప్లాస్టిక్ గొట్టం) అక్కడే గిరగిరా తిరుగుతుంది. 50 మి.మీ. ప్లగ్‌ను ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగేలా కొట్టి, 5 మి.మీ. మందం, 70 మి.మీ. పొడవున్న స్క్రూ బిగించండి. పూతలోనే ఆగిన ప్లగ్ కొన్నాళ్లకు పెచ్చుతో సహా ఊడొస్తుంది. జిప్సం బోర్డు గోడైతే వెనకున్న ఫ్రేమ్‌లోకే బిగించాలి.

4. అరకు రెండు బ్రాకెట్లు, చివరల నుంచి 10 సెం.మీ. లోపలికి. పొడవాటి చెయ్యి గోడవైపు ఉండాలి. బరువు ముందు అంచున పడగానే లాగుడంతా పై స్క్రూ మీదే పడుతుంది మరి.

5. గోకే పలకకు 90 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పున్న ప్లైవుడ్ తీసుకోండి. రెండు చివర్లా 5 సెం.మీ. వదిలి, చెక్క జిగురు రాస్తూ 8 మి.మీ. సైసల్ (కిత్తనార) తాడును సందు లేకుండా చుట్టండి. సుమారు 36 మీటర్లు పడుతుంది, 40 తెచ్చుకోండి. వెనక తాడు మందం వల్ల పలక గోడకు ఆనదు కాబట్టి, స్క్రూలున్న చోట 8 మి.మీ. చెక్క ముక్కలు పెట్టి బిగించండి. పిల్లి ఒళ్లు విరుచుకునేటప్పుడు ముందుకాళ్లు పైదాకా చాపాలి, కాబట్టి పలకను నేలకు దగ్గరగానే మొదలుపెట్టండి.

పిల్లిని ఎక్కించేముందు ప్రతి అర ముందు అంచునా చేతులతో గట్టిగా నొక్కి చూడండి. రెండు వారాలకోసారి స్క్రూలు బిగించండి. తాడు పీచులు లేచిందని మార్చేయకండి, పిల్లికి నచ్చేది ఆ పీచే. తెగి ఉచ్చులా వేలాడితే మాత్రం ఆ రోజే తీసేయండి.