ప్రోగ్రామింగ్ రిఫరెన్స్ పుస్తకాన్ని ఎంచుకోవడం ఎలా?

రిఫరెన్స్ పుస్తకం కొనేటప్పుడు ముందుమాట కన్నా చివరనున్న పదసూచికను పరిశీలించాలి. పని మధ్యలో సందేహం వచ్చిన డెవలపర్ మొదట తెరిచేది దానినే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పుస్తకమైతే అందులో ‘సార్ట్’ (వరుసలో పేర్చడం) వెతికి, లిస్టుకు చెందిన సార్ట్ మెథడ్ ఆ లిస్టునే మార్చి, ఏమీ లేదని తెలిపే ‘నన్’ విలువను తిరిగి ఇస్తుందనీ, సార్టెడ్ ఫంక్షన్ మాత్రం అసలు లిస్టు జోలికి పోకుండా కొత్త లిస్టును ఇస్తుందనీ స్పష్టంగా చెప్పారో లేదో చూడాలి. రాసే పద్ధతి మాత్రమే చూపించి, తిరిగివచ్చే విలువనూ ఎదురయ్యే ఎర్రర్లనూ వదిలేసిన పుస్తకం, ఎంత లావుగా ఉన్నా, అక్కరకు రాదు. ఉదాహరణలు చిన్నవిగా, ఉన్నవి ఉన్నట్టు రన్ అయ్యేవిగా ఉండాలి.

ఏ వెర్షన్‌కు రాశారో కూడా గమనించాలి: పైథాన్‌లో ‘కీ-విలువ’ జతలను దాచే డిక్షనరీలోని అంశాలు చేర్చిన వరుసలోనే ఉంటాయన్న హామీ 2018లో విడుదలైన పైథాన్ 3.7తోనే భాషా నియమాల్లో చేరింది కనుక, అంతకు ముందరి పుస్తకాలు ఆ వరుసను నమ్మవద్దనే చెబుతాయి.