దేవుని కావలిలో బతకడం: 4వ పాఠం, రాత్రిపూట చింతను అప్పగించడం

పోయిన పాఠంలో మత్తయి సువార్త 6వ అధ్యాయం పట్టుకుని పగటి చింత సంగతి చూశాం. పగలు చేతులకు పని ఉంటుంది, మనసు కొంత సర్దుకుంటుంది. అసలు కష్టం రాత్రిదే. కల్లంలో వడ్లున్నాయి, పడమట మెరుస్తోంది. హైదరాబాదులో చదివే బిడ్డ ఫోనెత్తలేదు. అప్పిచ్చినాయన రేపు పొద్దున్నే వస్తానన్నాడు. ఒళ్లు మంచం మీద ఉన్నా మనసు మంచె మీదే కూర్చుంటుంది. ఆ మంచె దిగడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం. బైబిలు, ఒక నోటుబుక్కు, పెన్సిలు, పడుకోబోయే ముందు 20 నిమిషాలు చాలు. వరుసగా 7 రాత్రులు చేయాలి, మధ్యలో వదిలితే అలవాటు కుదరదు.

మొదటి రాత్రి 121వ కీర్తనను పైకి వినబడేట్టు రెండుసార్లు చదవండి. 8 వచనాలే. రెండోసారి ‘కాపాడు’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. 6 గీతలు రావాలి: 3, 4, 5 వచనాల్లో ఒక్కొక్కటి, 7లో రెండు, 8లో ఒకటి. హెబ్రీలో ఈ ఆరు చోట్లా ఉన్నది ‘షామర్’ అనే ఒకే ధాతువు. కావలి కాయడమని దాని అర్థం. “నా తమ్మునికి నేను కావలివాడనా” అని, తమ్ముణ్ణి చంపిన కయీను దేవుని ముందు తప్పించుకోజూసింది కూడా ఈ మాటతోనే (ఆదికాండము 4:9). దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

మొదటి వచనం దగ్గర చాలామంది పొరపాటు పడతారు. సహాయం కొండల నుంచి వస్తుందన్నట్టు చదివేస్తారు. అక్కడున్నది ప్రశ్న. ఇది యెరూషలేముకు ఎక్కిపోయేవాళ్లు పాడుకునే యాత్రకీర్తన, 120 నుంచి 134 వరకు ఉన్న 15 కీర్తనల్లో ఒకటి. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా కిందున్న యెరికో వైపు నుంచి వచ్చేవాళ్లు, మట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తునున్న యెరూషలేముకు ఎక్కాలి. మంచి సమరయుని ఉపమానంలో దొంగలు పడింది ఆ దారిలోనే. అలాంటి కొండలు చూస్తే గుండె దడదడలాడుతుంది. ఆ దడలోంచే “నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?” అన్న మాట వచ్చింది. మీరూ భయాన్ని దాచకుండా ప్రశ్నగానే మొదలుపెట్టండి. జవాబు 2వ వచనంలో ఉంది.

ఇక 3, 4 వచనాలు. ఇక్కడ తొందరపడొద్దు. మక్కచేనుకు అడవిపందులు రాకుండా మంచె మీద కావలి కాయడమంటే ఏంటో ములుగు, భూపాలపల్లి రైతులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రాత్రంతా డబ్బా కొట్టి, తెల్లారుజామున పావుగంట కునుకు తీస్తే చాలు, చేను తొక్కుడై పోతుంది. చెరువు తూము చూసే నీరటి సంగతీ అంతే. మనిషి కావలి ఓడిపోయేది నిద్ర దగ్గరే. కీర్తనకారుడు సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు: “కునుకడు నిద్రపోడు.” కర్మెలు కొండ మీద ఏలీయా ప్రవక్త, బయలు అనే దేవుణ్ణి కొలిచే ప్రవక్తలను ఎగతాళి చేసింది, మీ దేవుడు నిద్రపోతున్నాడేమో లేపండి అనే కదా (1 రాజులు 18:27). యెహోవా అలాంటివాడు కాడు. ఆయన మేలుకొని ఉన్న చేనుకు మీరు రెండో కావలి కూర్చోనక్కర్లేదు.

రెండో రాత్రి నుంచి నోటుబుక్కు తీయండి. కాగితం నిలువుగా మడిచి, ఎడమ పక్క ‘నా చేతిలో ఉన్నది’, కుడి పక్క ‘ఆయన చేతిలో ఉన్నది’ అని రాయండి. చింతను విడమరిచి రాయాలి. ‘పిల్లల భయం’ అంటే కుదరదు. ‘పెద్దోడు కాజీపేట నుంచి రాత్రి బండి మీద వస్తున్నాడు’ అని రాయండి. వడ్ల సంగతే తీసుకుందాం. పరదా కప్పడం, అంచుల మీద రాళ్లు పెట్టడం, కుప్ప చుట్టూ నీళ్లు పోయేలా కాలువ తీయడం, పొద్దున కొనుగోలు కేంద్రంలో టోకెను సంగతి అడగడం ఎడమ పక్కకు వస్తాయి. వాన పడుతుందా, ఎంత పడుతుంది, లారీ ఎప్పుడొస్తుంది అన్నవి కుడి పక్కకు పోతాయి. ఎడమ పక్క ఈ రాత్రే చేయగలిగింది ఉంటే ముందు లేచి అది చేసి రండి. నెహెమ్యా కాలంలో గోడ కట్టినవాళ్లు ప్రార్థనా చేశారు, రాత్రింబగళ్లు కావలీ పెట్టారు (నెహెమ్యా 4:9).

తర్వాత 1 పేతురు 5:7 చదివి, కుడి పక్కనున్న ఒక్కోదానికి ఒక్క వాక్యం ప్రార్థన చేసి తేదీ వేయండి. “మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి” అన్నచోట గ్రీకులో ఉన్న క్రియ కొత్త నిబంధనలో ఇంకొక్క చోటే వస్తుంది. శిష్యులు గాడిదపిల్ల మీద తమ బట్టలు వేసినప్పుడు (లూకా 19:35). నెత్తి మీది మూట బండిలో పడేసినట్టన్నమాట. బండిలో వేశాక కూడా మూటను చేత్తో పట్టుకొని నడిచేవాళ్లుండరు. పుస్తకం మూసి, ఫోను వేరే గదిలో పెట్టి పడుకోండి.

రాత్రి 2 గంటలకు మళ్లీ మెలకువ వస్తుంది. మొదటి రాత్రుల్లో చాలామందికి వస్తుంది, విశ్వాసం లేదని అనుకోకండి. లైటు వేయొద్దు, పుస్తకం తెరవొద్దు. తెరిస్తే లెక్కలు మళ్లీ మొదటికొస్తాయి. 4వ వచనం మాత్రం మెల్లగా అనుకోండి. మూడు వారాలైనా నిద్ర పట్టక, తిండి సయించకపోతే దవాఖానకు పోండి. డాక్టరు చేతి మందు కూడా ఆయన కాపుదలలోదే.

అన్నీ కుడి పక్కకే నెట్టేయడం ఇంకో తప్పు. “పగలు ఎండదెబ్బయైనను నీకు తగులదు” అని ఉంది కదా అని, రామగుండంలో 45 డిగ్రీలు దాటిన మే నెల మధ్యాహ్నం తువ్వాల, నీళ్లు లేకుండా బయల్దేరడం విశ్వాసం కాదు. 91వ కీర్తన చెప్పి దేవాలయ శిఖరం మీంచి దూకమని యేసుతో అన్నది అపవాది. దేవుణ్ణి శోధింపవలదన్నది ప్రభువు (మత్తయి 4:6–7).

ఏ అపాయమూ రాకుండా కాపాడుతాడన్న 7వ వచనాన్ని బీమా కాగితంలా చదవడం అన్నిటికన్నా ప్రమాదం. మూడుసార్లు ఓడ పగిలి శ్రమపడ్డ పౌలే (2 కొరింథీయులకు 11:25), దేవుని ప్రేమ నుంచి ఏదీ మనల్ని ఎడబాపలేదని రాశాడు. 2023 జూలైలో వాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి ఊరు మునిగింది. అలా ఇంటిలోనిదంతా పోగొట్టుకున్న మనిషి దగ్గర నిలబడి ‘నీకు విశ్వాసం తక్కువ’ అనడం క్రూరత్వం. ఆ మాట కీర్తనలో ఎక్కడా లేదు. ముందు అన్నం గిన్నె, దుప్పటి పట్టుకుపోండి. కయీను కాదన్న కావలి పని అక్కడ మీ చేతిలో పెట్టబడింది. కీర్తన తర్వాత చదవొచ్చు, వాళ్లు అడిగితే.

ఏడో రాత్రి కుడి పక్కనున్నవన్నీ మళ్లీ చూడండి. తీరినవాటికి టిక్కు, ఎదురుచూస్తున్నవాటికి చుక్క, అడిగినట్టు జరగనివాటికి అడ్డగీత పెట్టండి. అడ్డగీత పెట్టినవాటిని కొట్టేయొద్దు, చింపేయొద్దు. “ఎంతకాలము” అని అడిగే 13వ కీర్తన దగ్గర వచ్చే పాఠం వాటితోనే మొదలవుతుంది.