పులిట్జర్ సంగీత బహుమతికి ఎంట్రీ: ఫారం తేలికే, చిక్కంతా తేదీ, రికార్డింగ్ దగ్గరే

"మిమ్మల్ని పులిట్జర్‌కు నామినేట్ చేయిస్తాం, ప్యాకేజీ ఇంత" అని ఎవరైనా మెయిల్ పెడితే జవాబు కూడా ఇవ్వకండి. అమెరికాలో ఏటా కొత్త సంగీత రచనకు ఇచ్చే ఈ బహుమతికి సిఫారసు అక్కర్లేదు, ఏజెంటు అక్కర్లేదు, రచన చేసిన కంపోజరే సొంతంగా ఎంట్రీ పంపుకోవచ్చు. ఫీజు 75 డాలర్లు. అంతకుమించి ఎవరు ఎంత అడిగినా అది వాళ్ల జేబులోకే. పైగా ఎంట్రీ పంపినంత మాత్రాన ఎవరూ నామినీ అయిపోరు. పులిట్జర్ వాళ్లు 1980 నుంచి ఫైనలిస్టుల పేర్లు ప్రకటిస్తున్నారు, నామినీ అన్న మాట వాళ్లకే వాడతారు, ఊరికే ఎంట్రీ పంపినవాళ్లు ఆ మాట వేసుకోవద్దని చెబుతారు కూడా. అంటే ఆ ప్యాకేజీలో మీకు అమ్ముతున్నది మీరే కూర్చుని నింపుకోగల ఒక ఫారం.

ఎవరు పంపొచ్చు? ఇదివరకు అమెరికా పౌరులకే. 2025 బహుమతుల నుంచి గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ, చాలాకాలంగా అమెరికానే ప్రధాన నివాసం చేసుకున్నవాళ్లకూ తలుపు తెరిచారు. పౌరసత్వం రాలేదని ఇన్నాళ్లూ ఆగినవాళ్లు ఇంక ఆగనక్కర్లేదు.

"మాది జాజ్ కదా, మాది ఎక్స్‌పెరిమెంటల్ కదా, అక్కడ సింఫనీలకే ఇస్తారు కదా" అనే సందేహం చాలామందిలో ఉంది. దానికి కారణం లేకపోలేదు. 1965లో జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వమని జ్యూరీ అడిగితే బోర్డు ఒప్పుకోలేదు, ఆ ఏడాది సంగీతానికి బహుమతే లేదు. జాజ్ రచన గెలవడానికి 1997 దాకా పట్టింది. కానీ 2004లో నిబంధనలు సడలించారు, జాజ్, మ్యూజికల్ థియేటర్, సినిమా సంగీతం దాకా అన్నీ పరిశీలిస్తామన్నారు. ఆ తర్వాత జాజ్ సంగీతకారులు ఆర్నెట్ కోల్మన్, హెన్రీ త్రెడ్‌గిల్ గెలిచారు, 2018లో కెండ్రిక్ లమార్ ర్యాప్ ఆల్బమ్ గెలిచింది, 2022లో ఎక్స్‌పెరిమెంటల్ కంపోజర్ రేవెన్ చాకోన్, 2025లో డ్రమ్మర్ సూసీ ఇబార్రా. కాబట్టి ఆ భయం పక్కన పెట్టండి.

సైట్లో అకౌంటు తెరవడం, వివరాలు నింపడం, ఫైళ్లు ఎక్కించడం, కార్డుతో ఫీజు కట్టడం... వీటి గురించి చెప్పడానికేం లేదు, రైలు టికెట్ బుక్ చేసుకున్నంత పని. గడువు ఏ ఏడాదికాఏడాది సైట్లో చూసుకోండి.

తేదీ దగ్గరికి వద్దాం. మీ రచన అమెరికాలో మొదటిసారి ప్రదర్శించడమో, రికార్డింగ్‌గా విడుదల కావడమో బహుమతి ప్రకటించే ఏడాదికి ముందటి ఏడాదిలోనే జరిగి ఉండాలి, జనవరి నుంచి డిసెంబర్ లోపల. చాకోన్ రచన 2021 నవంబర్ 21న మిల్వాకీలోని ఒక కెథడ్రల్‌లో తొలిసారి వినిపించింది, 2022లో బహుమతి వచ్చింది. లెక్క ఇంత సూటిగా ఉంటే ఏ గొడవా లేదు. గొడవ ఎక్కడంటే, అంతకు ముందు ఏడాదే ఏదో యూనివర్సిటీలో విద్యార్థులతో ఒకసారి వాయించి ఉంటారు, మీ లెక్కలో అది రిహార్సల్ లాంటిదే, కానీ పోస్టర్ వేశారు, హాలు తలుపులు తెరిచారు, జనం వచ్చి కూర్చున్నారు, పోస్టర్ మీద "తొలి ప్రదర్శన" అని కూడా అచ్చయింది. అప్పుడిక ఈ ఏడాది పెద్ద ఆర్కెస్ట్రా వాయించినదాన్ని తొలి ప్రదర్శన అని ఫారంలో రాయడం కష్టం. వర్క్‌షాప్‌గా వాయిస్తుంటే ఆ మాట ముందే ప్రోగ్రామ్ కాగితం మీద వేయించుకోండి, లేదా జనాన్ని పిలవకండి.

పేరుమోసిన జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు విన్టన్ మార్సాలిస్ సంగతి చాలామంది ఎత్తుతారు. ఆయన 'బ్లడ్ ఆన్ ద ఫీల్డ్స్' 1994లోనే న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో వినిపించింది, తర్వాత చిన్న చిన్న మార్పులు చేసి 1997 జనవరిలో యేల్ యూనివర్సిటీలో వాయించి, సవరించిన రూపం అని పంపారు, గెలిచింది కూడా. నిజమే. దానిమీద విమర్శలూ వచ్చాయి. దాన్ని నమ్ముకుని పాత రచనకు నాలుగు స్వరాలు మార్చి పంపుదామనుకుంటే మాత్రం, ఆయన మార్సాలిస్ అని ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆల్బమ్ దారి కూడా ఉంది. కోల్మన్ 'సౌండ్ గ్రామర్' జర్మనీలో 2005లో చేసిన కచేరీ రికార్డింగే, 2006లో ఆల్బమ్‌గా వచ్చింది, 2007లో బహుమతి. కచేరీలు దొరకని ఇంప్రొవైజర్లకు, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించేవాళ్లకు, ఇదే అనువైన దారి అని నా అభిప్రాయం.

ఇక అసలు చిక్కు రికార్డింగ్. స్కోరు, అంటే స్వరాలు రాసిన ప్రతి, ఇప్పుడు తప్పనిసరి కాదు, ఉంటే పెట్టడం మంచిదే, రికార్డింగ్ మాత్రం ఉండి తీరాలి. ఆర్కెస్ట్రాకు రాసేవాళ్లు పడేది ఇక్కడే. అక్కడి వాద్యకారుల్లో చాలామంది యూనియన్ సభ్యులు, కచేరీని ఎవరు రికార్డు చేయాలి, ఆ టేపు దేనికి వాడుకోవచ్చు అన్నది వాళ్ల ఒప్పందంలో ఉంటుంది. కచేరీ అయ్యాక ఆఫీసుకెళ్లి అడిగితే "ఆర్కైవ్ కోసం చేశాం, బయటికి ఇవ్వం" అంటారు, వాళ్ల తప్పు కూడా కాదది. అప్పుడు చేతిలో మిగిలేది మూడో వరసలోంచి ఫ్రెండ్ ఫోనులో తీసినది, అందులో పియానో కంటే దగ్గే ఎక్కువ వినిపిస్తుంది.

కాబట్టి కమిషన్ ఒప్పందం, అంటే మీ చేత రచన చేయించుకునేవాళ్లతో రాసుకునే ఒప్పందం, మీద సంతకం చేసే రోజే ఒక వాక్యం రాయించుకోండి: ఈ రికార్డింగ్‌ను బహుమతుల జ్యూరీలకు పంపుకునే అనుమతి కంపోజర్‌కు ఉంటుంది అని. అడగడానికి మొహమాటపడతారు చాలామంది. మొహమాటం వద్దు, కంపోజర్లు అడిగే మామూలు విషయమే అది, ముందు అడిగితే సాధారణంగా దారి దొరుకుతుంది. ఫైలు ఎక్కించాక మళ్లీ దించుకుని మొదటినుంచి చివరిదాకా ఒకసారి వినండి. నెమ్మదిగా మొదలయ్యే రచనలో మొదటి అర నిమిషం ఎడిటింగ్‌లో తెగిపోతే, జ్యూరీకి మీ రచన మధ్యలోంచి మొదలవుతుంది.

పంపేశాక టెన్షన్ పడి చేసేదేమీ లేదు. జ్యూరీ ముగ్గురు ఫైనలిస్టులను ఎంచి బోర్డుకు పంపుతుంది, గెలుపు తేల్చేది బోర్డు, నచ్చకపోతే ఎవరికీ ఇవ్వకుండా వదిలేసే హక్కూ వాళ్లకుంది. గెలిచినవాళ్లకు 15,000 డాలర్లు. ఫైనలిస్టుల పేర్లు, విజేత పేరు ఒకేసారి బయటపెడతారు, అంతకుముందు షార్ట్‌లిస్ట్ అంటూ ప్రకటించేది ఏదీ లేదు. కనుక ఫిబ్రవరిలో ఎవరైనా ఫోన్ చేసి "మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు, తర్వాతి రౌండుకు ఇంత కట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి.